సున్నపుబట్టీ సందులో మౌలాలి ఉన్నాడని

షేక్ మౌలాలి, తండ్రి షేక్ అల్లాబక్షు, వయస్సు నలభై ఆరు సంవత్సరాలు, వృత్తి సైకిళ్ల మరమ్మతు, నివాసం బందరు పట్టణం, సున్నపుబట్టీ సందు, చివరి నుంచి మూడవ ఇల్లు. ఇతనిని నేను ఇరవై తొమ్మిది సంవత్సరాలుగా ఎరుగుదును. సందు మొదట్లోని డాబా ఇల్లు నాది. ఇతని కొట్టు సందు బయట, పెద్దరోడ్డు మీద ఉంది. కచేరీకి వెళ్లేటప్పుడొకసారి, తిరిగి వచ్చేటప్పుడొకసారి ఆ కొట్టు ముందునుంచే నడిచాను. ఇతని మంచీ చెడ్డా రెండూ నాకు తెలుసు. రెండూ రాస్తాను.

నా పేరు వేమూరి పూర్ణచంద్రరావు. ముప్పై మూడు సంవత్సరాలు నకలు గుమాస్తాగా పనిచేసి, కిందటి సంవత్సరం మార్చి నెలాఖరున రిటైరయ్యాను. పాస్‌పోర్టు అధికారి గారికి ఇంత పొడవైన వివరణ పంపడం పద్ధతి కాదని నాకు తెలియకపోలేదు. అయితే మే పదిహేనవ తేదీన తమ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరంలో మూడే వాక్యాలున్నాయి. సదరు పేరుగల వ్యక్తి ఆ చిరునామాలో నివసించుట లేదని పోలీసు విచారణలో తేలినది. ఇరుగుపొరుగువారెవరూ అతనిని ఎరుగరు. కావున దరఖాస్తు నిలిపివేయడమైనది. ఆ ఉత్తరాన్ని పోస్టుమాన్ అదే చిరునామాకు తీసుకువచ్చి, మౌలాలి చేతికే ఇచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. మూడు వాక్యాల తప్పును సరిచేయడానికి ఇన్ని పేజీలు కావలసివచ్చింది. ఆ బాధ్యత ఎవరిదో కూడా ఇందులోనే రాస్తాను.

మౌలాలి సైకిళ్లు బాగుచేసి బతుకుతాడు గాని, జిల్లాలో అతని పేరు తెలిసింది ఫుట్‌బాళ్ల వల్ల. బందరు కాలేజీల బంతులు, గుడివాడ కాలేజీ బంతి, అవనిగడ్డ హైస్కూలు బంతి, ఏది చినిగినా అతని దగ్గరికే రావాలి. లోపలి బ్లాడరు పైకి తీసి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి అతుకు వేస్తాడు. తోలు ముక్కల కుట్లు ఊడితే మైనం పట్టించిన దారంతో, రెండు సూదులతో ఎదురెదురుగా కుడతాడు. పని అయ్యాక గాలి కొట్టి, బంతిని రొమ్ము ఎత్తునుంచి రాతిమెట్టు మీద వదిలి, అది ఎంత ఎత్తు లేస్తుందో చూస్తాడు. నచ్చకపోతే కుట్లన్నీ విప్పేసి మళ్లీ మొదలుపెడతాడు. ఆలస్యమైందన్నవాడి బంతిని ఉన్నదున్నట్టుగా రోడ్డు మీదికి విసిరేస్తాడు. గుడివాడ నుంచి వచ్చిన ఒక డ్రిల్లు మాస్టారు ఆ విధంగా తన బంతి వెనక మురుగుకాలువ దాకా పరుగెత్తడం నేను స్వయంగా చూశాను.

అతని నోరు మంచిది కాదు. అందరి ఎదుటా నన్నే ఒకసారి అన్నాడు: "పంతులు గారి దస్తూరీ ముత్యాలేనండీ. కాకపోతే రాసినదాంట్లో ఆయన మాట ఒక్కటీ ఉండదు." ఆ తరువాత రెండేళ్లు నా సైకిలును వేరే కొట్లో చూపించుకున్నాను. అతడు నాకు ఇష్టుడు కాడు. నేనూ అతనికి ఇష్టుడిని కాను. ఈ వివరణ స్నేహం కొద్దీ రాసినది కాదని తమరు గ్రహించడం కోసం ఈ సంగతి చెప్పాను.

అతడు ఏనాడూ ఆట ఆడలేదు. ఆడేవాడు గోలును చూస్తాడే గాని బంతిని చూడడని అతని అభిప్రాయం. మన మైదానాల్లో వాన పడితే తోలు నీళ్లు తాగుతుంది. అరగంటలో బంతి ఇటుకంత బరువెక్కుతుంది, వారానికి కుట్లు కుళ్లుతాయి. విదేశాల్లో ఇప్పుడు వాడే బంతులకు పైన ఏదో పూత ఉంటుందని, అవి వానలో కూడా నీళ్లు తాగవని అతడు విన్నాడు. రేడియోలో ఆట గురించి చెప్పేవారు ఎవరు ఎవరికి బంతి అందించారో చెబుతారు గాని, డెబ్భైయవ నిమిషంలో ఆ బంతి ఎట్లా ఉందో చెప్పరు. దానిని కళ్లతో చూడాలన్నది అతని కోరిక. దరఖాస్తులో ప్రయాణ కారణం అన్నచోట 'బంతి చూడటానికి' అని రాయమన్నాడు. నేను 'ఫుట్‌బాల్ పోటీల సందర్శన' అని రాశాను. దాని మీద కూడా వాదన జరిగింది.

మలేషియా రాజధాని కౌలాలంపూరులో ఈ జూలై నెలలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు జరగనున్నాయి. గుడివాడలోని అభిమానుల సంఘంవారు పద్నాలుగుమందిని అక్కడికి తీసుకువెళ్లడానికి కిందటి డిసెంబరులో నిశ్చయించారు. ఆటగాళ్లు మైదానంలో చేతులెత్తి మౌలాలిని పద్నాలుగవవాడిగా ఎన్నుకున్నారు. అతడు తన వంతు చెల్లించాడు. ఆ ఎన్నిక, సంఘం కార్యదర్శి అయిన ప్లీడరు వెంకటపతి గారికి నచ్చలేదు. పదమూడవ స్థానం వరకు తామే నింపిన ఆయన, చివరిదాన్ని తమ బావమరిది చిన్నబాబు కోసం ఉంచుకున్నారని అందరికీ తెలుసు.

ఈ ప్రయాణానికి వీసా ఒక్కొక్కరికి విడిగా రాదు. మద్రాసులోని ప్రయాణాల ఏజెంటు పంపిన సూచనల కాగితాన్ని నేనే నకలు తీసి సంఘానికి ఇచ్చాను గనుక దానిలోని ప్రతి మాటా నాకు గుర్తుంది. పద్నాలుగు పేర్లూ ఒకే జాబితాలో, ఒక్కొక్క పేరు ఎదుట పాస్‌పోర్టు నంబరుతో, మూడు ప్రతులుగా టైపు చేయించాలి. పోటీలు ముగిసిన వెంటనే అందరూ తిరిగి వస్తారని సంఘం పూచీపత్రం రాసివ్వాలి. జూన్ పందొమ్మిదవ తేదీన ఆ జాబితాను మలేషియావారి దౌత్య కార్యాలయంలో దాఖలు చేస్తారు. దాఖలైన తరువాత పేరు చేర్చడానికి గాని, కొట్టివేయడానికి గాని, ఖాళీని పూరించడానికి గాని వీలులేదు. ఓడ జూలై మూడవ తేదీన మద్రాసు నుంచి బయలుదేరుతుంది. పదమూడు పాస్‌పోర్టులు వచ్చాయి. పద్నాలుగవ పేరు ఎదుట ఖాళీ ఉంది.

తమ ఉత్తరం అందిన మూడవనాడు మౌలాలీ నేనూ స్టేషనుకు వెళ్లాము. విచారణ జరిపినది హెడ్ కానిస్టేబులు గంగరాజు. ఆయనకు మౌలాలి పదేళ్లుగా తెలుసు. పోలీసు టీము బంతిని కుట్టేది మౌలాలే. మమ్మల్ని ఆయన కూర్చోమనలేదు.

"నేను అబద్ధం రాశానా పంతులు గారూ? ఏప్రిల్ పదకొండున పదకొండు గంటలకు మీ సందులోకొచ్చా. ఏడిళ్లు అడిగా. ఏడిళ్లవాళ్లదీ ఒకటే మాట, అట్లాంటి మనిషి ఇక్కడ లేడని. ఆఖరికి ఆయన పెళ్లామే తెలీదంది. పెళ్లానికి తెలీని మనిషి నాకెట్లా తెలుస్తాడండీ?"

మౌలాలి అన్నాడు: "మీ టీము బంతి మూడ్రోజుల్నించి నా కొట్లోనే ఉందండి. అది ఎవరి దగ్గరుందని రాస్తారు?"

"బంతి సంగతి నన్నెవరూ విచారించమనలేదు," అని గంగరాజు రిజిస్టరు మూసేశాడు.

ఆయన నివేదికలో అక్షరం కూడా తప్పు లేదు. సందువాళ్లు చెప్పినదే రాశాడు. తనకు తెలిసినది రాయలేదు. కిందటి సంవత్సరం పరేడు రోజు ముందు మౌలాలి ఆయన బంతిని కూడా రోడ్డు మీదికి విసిరాడని ఆ తరువాత నాకు తెలిసింది.

ఏప్రిల్ పదకొండవ తేదీన నేను ఊళ్లో లేను. బంటుమిల్లిలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మౌలాలి కొట్టు మూసి, గుడివాడలో బంతులు అప్పగించడానికి వెళ్లాడు. సందులోని మగవాళ్లందరూ పనుల్లో ఉన్నారు. స్టేషను నుంచి మౌలాలి కొట్టుకు వెళ్లాడు. నేను తిన్నగా అతని ఇంటికి వెళ్లి, అతని భార్య జైతూన్ బీని అడిగాను, కట్టుకున్న భర్తను తెలియదని పోలీసుకు ఎందుకు చెప్పావని. ఆమె నీళ్ల బిందె కింద పెట్టి, కొంగు సర్దుకుని, చాలా నెమ్మదిగా జవాబు చెప్పింది.

"మీరే కదండీ పంతులు గారూ చెప్పమన్నారు. ఖాకీ బట్టలాయన కాగితం పట్టుకొచ్చి పేరూ, వయసూ, ఎంతమంది పిల్లలూ అని అడిగితే, అట్లాంటి మనిషి లేడనమన్నారు. అందరం ఒకటే మాట మీదుండాలన్నారు. ఉన్నాం. ఇక అక్కర్లేదని మీరు మళ్లీ చెప్పలేదుగా."

ఆమె చెప్పినది నిజం.

ఈ సంగతి తమకు వివరంగా తెలియవలసి ఉంది. 1976 ఆగస్టు నెలలో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ముమ్మరంగా జరుగుతున్న రోజుల్లో, నేను పనిచేసే కచేరీకి ఒక జాబితా నకలు కోసం వచ్చింది. ఇద్దరికి మించి పిల్లలున్న మగవారి పేర్లు, వయస్సులు, పిల్లల సంఖ్య అందులో వీధుల వారీగా ఉన్నాయి. సున్నపుబట్టీ సందు నాలుగవ పేజీలో ఉంది. పదకొండు పేర్లు. మౌలాలి పేరు ఆరవది, పిల్లలు ఐదుగురు అని. నేను మూడు ప్రతులు తీశాను. తప్పు లేకుండా తీశాను. ఏ ఊళ్లో ఎంత బలవంతం జరిగిందో నేను చెప్పలేను. మా సందువాళ్లు మాత్రం మగవాళ్లను రోడ్డు మీద పట్టుకుని జీపు ఎక్కిస్తారని భయపడ్డారు. నేనూ భయపడ్డాను. ఆ సాయంత్రం మా అరుగు మీద సందులోని ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎవరు వచ్చినా ఏమని చెప్పాలో నేర్పాను. ఏడెనిమిది రోజులు రోజూ చెప్పించాను. జీపు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఖాళీగా వెళ్లింది.

ప్రభుత్వోద్యోగిగా ఉండి, నకలు కోసం వచ్చిన కాగితంలోని సంగతిని బయటపెట్టాను. అది నేరమని అప్పుడు తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆ రోజులు గడిచాయి, ప్రభుత్వం మారింది, నేను రిటైరయ్యాను. ఆడవాళ్లకు నేర్పిన మాటను వెనక్కి తీసుకోవాలని నాకు తట్టలేదు. గంగరాజు చేతిలో కాగితంతో అదే వరుసలో, పేరు, వయస్సు, పిల్లలు అని అడిగాడు. ఏడిళ్లవాళ్లూ నేను నేర్పినది పొల్లుపోకుండా అప్పజెప్పారు. మౌలాలిని కాపాడుతున్నామనుకుని అతని పాస్‌పోర్టుకు అడ్డుపడ్డారు.

ఈ నిజాన్ని నేను వెంటనే మౌలాలికి చెప్పలేదు, నేనే చెబుతానని జైతూన్ బీని కూడా ఆపాను. మరొక మార్గం ఉందేమో చూడాలనుకున్నాను. గెజిటెడ్ అధికారి ఎవరైనా ఇతనిని స్వయంగా ఎరుగుదునని ధ్రువపత్రం ఇస్తే సరిపోవచ్చని ఒకరు చెప్పారు. బందరులోని అధికారుల్లో మౌలాలిని ఎరిగినవారు ఉన్నారు గాని, అతనితో జగడం పడనివారు లేరు. అవనిగడ్డలో ఒక అధికారి ఉన్నారు. పూర్వం కాలేజీలో ఆడేవారు, మౌలాలి చేతి బంతులతోనే ఆడారు. మే ఇరవై నాలుగున బస్సులో వెళ్లాము.

ఆ కార్యాలయానికి ఇంకా పైకప్పు సగమే ఉంది. మిగతా సగానికి టార్పాలిన్ కట్టారు. వరండా నిండా మనుషులు కూర్చుని ఉన్నారు. కిందటి నవంబరు ఉప్పెనలో రేషన్ కార్డులు, పట్టాలు, పిల్లల బడి కాగితాలు పోయినవారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ అధికారి మౌలాలిని గుర్తుపట్టారు. నేనిచ్చిన కాగితం చదివి నాకే తిరిగి ఇచ్చారు.

"బయట చూశారుగా. తామెవరో చెప్పుకోవడానికి చిన్న కాగితం ముక్క లేనివాళ్లు. ఆర్నెల్లుగా పోయినవాళ్ల పేర్లు రాసి రాసి నా చెయ్యి మొద్దుబారిపోయింది. ఆట చూడ్డానికి ఓడెక్కేవాడికి ఈ టేబుల్ మీద సంతకం పెట్టమంటారా? నేను పెట్టను."

మౌలాలి నాకంటే ముందు బయటికి వచ్చి, వరండాలోని మనుషులను దాటుకుని రోడ్డెక్కాడు. బస్సెక్కాక నన్ను వదలలేదు. ఆ మనుషుల మధ్య తనను నిలబెట్టి ఆట గురించి అడిగించానన్నాడు, అట్లాంటిచోటికి తీసుకుపోతున్నానని ముందే చెబితే అడుగు కదిపేవాడిని కాదన్నాడు. అప్పుడు చెప్పాను, సందులో ఆ మాట నేర్పినది నేనేనని. 1976లో అతడు నెలరోజులు ముదినేపల్లిలో బంధువుల ఇంట్లో ఉన్నాడు. సందులో ఏం జరిగిందో అతనికి పూర్తిగా తెలియదు. విన్నాడు. చల్లపల్లిలో బస్సు ఆగితే దిగిపోయాడు. వెనక బస్సులో వచ్చాడని మరునాడు తెలిసింది.

మే ఇరవై ఎనిమిది, ఆదివారంనాడు, నేను అడగకుండానే నాతో గుడివాడ వచ్చాడు. వెంకటపతి గారి ఇంటి వరండాలో టైపు చేసిన జాబితా టేబుల్ మీద ఉంది. గడువు జూన్ పందొమ్మిది వరకు ఉంది గదా, అంతవరకు పద్నాలుగవ పేరును కదిలించవద్దని నేను కోరాను. ప్లీడరు గారు నాతో మర్యాదగానే మాట్లాడారు. తరువాత మౌలాలి వైపు తిరిగారు.

"పోలీసులు వెతికినా దొరకని మనిషికి నేను పూచీ ఎట్లా రాసిచ్చేదయ్యా? ఊళ్లో ఉండగానే లేనివాడివి, కౌలాలంపూరు వెళ్లాక తిరిగొస్తావని ఏ మొహంతో సంతకం పెట్టను? పదమూడుమంది వీసా నీ ఒక్కడి మూలాన ఆగిపోతే ఎవరు జవాబు చెప్పుకోవాలి?"

"ప్లీడరు గారూ, ఆ పదమూడుమందిలో ఆఫ్‌సైడు అంటే తెలిసినవాళ్లు ఎంతమందండీ?" అన్నాడు మౌలాలి.

"నాకు తెలీదయ్యా. తెలుసుకోవడానికే వెళ్తున్నాం," అన్నారాయన. వరండాలో ఉన్నవాళ్లు నవ్వారు. మౌలాలి కూడా, తనకు ఇష్టం లేకుండానే, కొంచెం నవ్వాడు. తరువాత ప్లీడరు గారు తమ నిర్ణయం చెప్పారు. జూన్ పదిహేడు సాయంత్రం ఐదు గంటల వరకు పాస్‌పోర్టు నంబరు కోసం ఆగుతారు. రాకపోతే ఆ గీత మీద చిన్నబాబు పేరు టైపు అవుతుంది. అతని పాస్‌పోర్టు అప్పటికే ఆయన సొరుగులో ఉంది.

పూచీ విషయంలో ప్లీడరు గారి అనుమానం అన్యాయమని నేనంటే సరిపోదు. కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. మౌలాలికి మలేషియాలో గాని, రంగూనులో గాని, మరే విదేశంలో గాని బంధువులు లేరు. తండ్రి కొట్టునే ఇరవై ఏడేళ్లుగా నడుపుతున్నాడు. ఐదుగురు పిల్లల్లో ముగ్గురు చదువుకుంటున్నారు. కొట్లో ఇప్పుడు నాలుగు ఊళ్ల బంతులు తొమ్మిది వేలాడుతున్నాయి, ప్రతిదానికీ ఆగస్టు మొదటి వారానికి ఇస్తానని మాట ఇచ్చాడు. పనిలో మాట తప్పడం ఈ ఇరవై తొమ్మిదేళ్లలో నేను చూడలేదు. మర్యాద తప్పడం చాలాసార్లు చూశాను.

నిన్న ఉదయం అతడు మా అరుగు మీదికి వచ్చాడు. చల్లపల్లి తరువాత అతడు నాతో సూటిగా మాట్లాడినది అదే.

"ఆ రోజు మీరు చెప్పిన మాట తప్పని నేననను. ఆ మాటే లేకపోతే నా సంగతి ఎట్లా ఉండేదో. కానీ నేను కౌలాలంపూరు వెళ్లాలి పంతులు గారూ. జైతూన్ మీదికి గాని, సందులో ఆడవాళ్ల మీదికి గాని రాకుండా, జరిగింది జరిగినట్టు రాయండి."

అట్లాగే రాశాను.

కావున పాస్‌పోర్టు అధికారి గారికి నేను చేసుకునే విన్నపం ఇది. ఏప్రిల్ పదకొండవ తేదీ విచారణను ఆధారంగా తీసుకోకుండా, షేక్ మౌలాలి దరఖాస్తు మీద తిరిగి విచారణ జరపవలసినదిగా ఉత్తర్వు ఇవ్వగోరుతున్నాను. ఆ విచారణకు ఖాకీ దుస్తులు లేని ఉద్యోగిని పంపవలసినదని, ఆయన వచ్చేరోజు ముందుగా తెలియజేస్తే సందులోని ప్రతి ఇంటి గుమ్మం ముందు నేను నిలబడి, నేను నేర్పిన మాటను నేనే రద్దుచేసి, వారి చేత నిజం చెప్పిస్తానని మనవి చేస్తున్నాను. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు చర్య తీసుకోవలసి ఉంటే, జైతూన్ బీ పేరు గాని, మిగిలిన ఆరు ఇళ్లవారి పేర్లు గాని అందులో చేర్చక, నా పేరు ఒక్కటే చేర్చవలసినది. నా పింఛను కాగితాల నంబరు ఈ వివరణకు జతచేశాను. ఆ చర్య ఎప్పుడు తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. పాస్‌పోర్టు మాత్రం జూన్ పదిహేడవ తేదీ, సాయంత్రం ఐదు గంటల లోపల, పైన తెలిపిన సున్నపుబట్టీ సందు, చివరి నుంచి మూడవ ఇంటి చిరునామాకు, షేక్ మౌలాలి పేరున చేరేటట్లు చేయవలసినదిగా అతని తరఫున కోరుతున్నాను.